ఇటు జానెడు, అటు జానెడు

మొన్న మా డాబా మీద ఇంటర్నెట్టు గిన్నె బిగించడానికి ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెత్తిన తువ్వాలు, చేతిలో ఫోను. పిట్టగోడకు నిలబెట్టిన కడ్డీకి ఆ తెల్ల గిన్నెను తగిలించి, ఊరవతల టవరు వైపు తిప్పుతూ, ఫోనులో పడే అంకె చూసుకుంటూ, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ అరగంటసేపు ఎండలో ఆపసోపాలు పడ్డాడు. ఒకచోట అంకె బాగుందని బిగిస్తే పక్కన ఇంకా బాగుంటుందేమోనని అనుమానం, విప్పి పక్కకు తిప్పితే ముందున్నదే నయమనిపించడం. వడియాలకు కాపలా కూర్చున్న నేను చూసి చూసి ఉండబట్టలేక, "పెద్ద అంకె కోసం ఎతుకులాడొద్దప్పా. ఇటుపక్క యాడ పడిపోతాదో సూడు, అటుపక్క యాడ పడిపోతాదో సూడు, రెండిట్కీ నడిమధ్యన బిగియ్," అన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, పెద్దామె మాట తీసెయ్యలేక అలాగే చేశాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. "ఏం అవ్వా, యాడ నేర్చుకుంటివి ఇది?" అని ఆయన నవ్వుతూ అడిగితే, చిన్నప్పుడు ముగ్గులేస్తూ నేర్చుకున్నాలే అని నేనూ నవ్వేశాను. అది అబద్ధం కాదు గానీ, ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. అరవై ఏళ్లకు పైబడి ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ఇక దాచుకుని చేసేదేమీ లేదు గనుక మీతో చెప్పుకుంటున్నాను.

మాది పత్తికొండ పక్క పల్లె. మన ఈడువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు, మన సీమలో ఆడపిల్ల పుడితే తొట్టిలో ఉండగానే ఫలానా మేనమామకు అని మాట అనుకునేవాళ్లు. మా అమ్మ చిన్న తమ్ముడు నన్ను భుజం మీద ఎక్కించుకుని మహానంది తిరునాళ్లు చూపించిన మనిషి; నాకు పదహారు నిండగానే ఆయనే నాకు తాళి కట్టాడు. మామా అని పిలవడం మారలేదు, అత్తగారిని అవ్వా అని పిలవడం మారలేదు. మారింది ఒక్కటే. పెళ్లికి ముందు పత్తికొండలో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని, పెళ్లి తర్వాత చదువు లేదు. ఎనిమిదో తరగతి పాసయ్యాను, లెక్కల్లో మా బడి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. మాకు పాఠం చెప్పిన టీచరమ్మ అంచు లేని తెల్లచీర కట్టుకుని, చేతిలో రెండు పుస్తకాలు పట్టుకుని, ఎవరి తోడూ లేకుండా బజారు మధ్యలో తలెత్తుకుని నడిచిపోయేది. ఆమెలా నడవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు, నడవడానికి కూడా ఆశపడాలా అని.

ఆయన మద్రాసులో వైర్‌లెస్ పని నేర్చుకుని సర్కారు కొలువులో చేరాడు. అప్పుడే కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు, అద్దె ఇల్లు దొరకని గుమాస్తాలు, బజారు నిండా కొత్త ముఖాలు. కర్నూలు నుంచి కడపకు వైర్‌లెస్‌లో కబురు పోవాలంటే దూరం ఎక్కువ, మధ్యలో కొండలు అడ్డం. అందుకని ఎర్రమల కొండల్లో ఒక ఎత్తయిన గుట్ట చూసి దాని నెత్తిన చిన్న స్టేషను పెట్టారు. కర్నూలు చెప్పింది విని కడపకు చెప్పాలి, కడప చెప్పింది విని కర్నూలుకు చెప్పాలి, అంతే ఉద్యోగం. ఎవరి క్యాంపు ఎక్కడ, ఏట్లో నీళ్లు ఎంత ఎత్తు, ఎక్కడ వాన, ఎటు గాలి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి తప్పనిసరిగా మాట్లాడాలి, మధ్యలో ఎప్పుడు పిలిచినా పలకాలి, కాబట్టి ఆపరేటరు గుట్ట దిగకూడదని రూలు. ఇద్దరు ఆపరేటర్లు మార్చి మార్చి ఉంటారని నమ్మబలికి మమ్మల్ని ఎక్కించారు. రెండో ఆయన ఈ నెల వస్తాడు, పై నెల వస్తాడు అన్నారు గానీ, మేం అక్కడున్నన్నాళ్లూ ఆ మహానుభావుడి ముఖం చూడలేదు.

రేకుల కప్పు వేసిన ఒక్క గది, దానికే అడ్డంగా తడిక కట్టి ఇటు సెట్టు, అటు సంసారం. వెనక బ్యాటరీలకు ఛార్జి పెట్టే ఇంజను. ముందర రాతి అరుగుల మీద రెండు ఇనప స్తంభాలు, ఒక్కొక్కదాని కొనన చేపముల్లులాగా అడ్డకడ్డీలతో ఒక ఏరియల్, ఒకటి కర్నూలు వైపు, ఒకటి కడప వైపు. తంగేడు తుప్పలు తప్ప చెట్టనేది లేదు. కింద ఊరి నుంచి సాయిబు తాత రోజు మార్చి రోజు గాడిద మీద డబ్బాల్లో నీళ్లు తెచ్చేవాడు. సంత మరునాడు నీళ్లతో పాటు ఉప్పూ పప్పూ, ఉంటే ఒక ఉత్తరం. ఆయన అరగంట కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్లిపోతే మళ్లీ రెండు రోజులు ఇంకో మనిషి గొంతు, సెట్టులోంచి తప్ప, వినబడేది కాదు. నాకంటే ఆ గాడిదే నయం, సాయంత్రానికి ఊరు చేరుతుంది అనుకునేదాన్ని. నవ్వుకోకండి, నిజంగానే అనుకునేదాన్ని.

అక్కడి నుంచి లోకమంతా కనిపించేది, అదే నా ప్రాణానికి ఎక్కువ బాధగా ఉండేది. కంటికి కనిపించకపోతే మనసు ఎలాగో సర్దుకుంటుంది. తూర్పున నల్లమల నీలంగా, దాని కింద ఏరు సన్నటి గీతగా, రోడ్డు మీద చీమంత లారీ, సంత రోజు బండ్ల వరస, ఎక్కడో పొలంలో ఎర్ర రవిక వేసుకున్న మనిషి వంగి లేవడం, అన్నీ కనిపించేవి, ఒక్కటీ అందేది కాదు. గుట్ట నెత్తిన చుట్టూ తిరిగితే నా అడుగులతో నాలుగు వందల పది. సెట్టు పిలుపు వినిపించే దూరం దాటి ఆయన పోకూడదు, ఆయన్ని వదిలి నేను పోకూడదు. కొట్టంలో కట్టేసిన ఆవుకైనా పూటకొకసారి తాడు విప్పుతారు. ఆయన చెడ్డవాడు కాదు, చెయ్యెత్తిన మనిషి కాదు, తిట్టిన మనిషి కాదు, అసలు మాట్లాడిన మనిషే కాదు. రోజంతా సెట్టుతో మాట్లాడి మాట్లాడి నా దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు.

మొదటి ఏడాది కర్నూలు గొంతు సరిగ్గా వినబడేది కాదు. చెప్పిందే పదిసార్లు చెప్పి సాయంత్రానికి ఆయన గొంతు బొంగురుపోయేది. ఒకసారి సెట్టు పూర్తిగా మూగబోయింది. రెండు రోజులు చూసి మూడోనాడు కర్నూలు వాళ్లు జీపు పంపించారు. వచ్చిన మెకానిక్కు సెట్టు విప్పి చూసి, ఇది ఇక్కడ అయ్యే పని కాదని, సెట్టునూ ఆయన్నీ నన్నూ కూడా జీపులో వేసుకుని కర్నూలు తీసుకుపోయాడు. నాలుగు రోజులు ఉన్నాం. పాతబస్తీలో అత్తరు కొట్లు, పూల బుట్టలు, తుంగభద్ర ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ల గోల. నీళ్లలో కాళ్లు పెట్టుకుని నేను కూర్చుంటే ఆయన పిలిచినా లేవలేదు. ఆ నాలుగు రోజులను నేను మరిచిపోలేకపోయాను. మరిచిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తిరిగొచ్చాక కూడా గొంతు అలాగే గరగరమంటుంటే, తప్పు సెట్టులో లేదు, ఏరియల్‌లో ఉంది అని ఆయన నిర్ణయానికి వచ్చాడు. నేను ఊరికే ఉండక అదేమిటో చెప్పమన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, సెట్టు గురించి అడిగితే ఆయనకు మాటలు వచ్చేవి. లాంతరు చుట్టూరా వెలుగు పంచుతుంది, అందుకే పది అడుగులు దాటదట. టార్చిలైటు ఉన్న వెలుగునంతా ఒకే పక్కకు పంపుతుంది, అందుకే దూరం పోతుందట. మా ఏరియల్ టార్చి లాంటిది. దాని వెలుగు ఎంత మేర పరుచుకుంటుందో అది దాని వెడల్పు. కడ్డీలు ఎక్కువ పెడితే వెడల్పు తగ్గి దూరం పెరుగుతుంది, తక్కువ పెడితే వెడల్పు పెరిగి దూరం తగ్గుతుంది, రెండూ కావాలంటే కుదరదు. ఆ వెడల్పు లోపల కర్నూలు ఉంటే గొంతు వినబడుతుంది, అంచుకు పోతే సన్నబడుతుంది, అంచు దాటితే లేదు. ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఎందుకున్నాడా అని నాకు కోపం కూడా వచ్చింది.

ఇక రోజూ అదే పని. కర్నూలు ఆపరేటరును బతిమాలి ఒక గంటసేపు ఆపకుండా కూత పంపిస్తూ ఉండమనేవాడు. తను బయట స్తంభం దగ్గర పానా పట్టుకుని, అడుగున ఉన్న రెండు నట్లు వదులు చేసి స్తంభాన్ని కొంచెం కొంచెం తిప్పేవాడు. నేను లోపల సెట్టు ముందు కూర్చుని అద్దం వెనక కదిలే ముల్లు ఏ అంకె మీద ఉందో అరిచి చెప్పాలి. ముల్లు ఎక్కడ అన్నిటికన్నా పైకి లేస్తే అక్కడ బిగించాలని ఆయన పట్టు. అదే తేలేది కాదు.

"సరిగా సూసి సెప్పుమే!"

"సూసేదానికి కండ్లు లేవా నాకు? నువ్వు బెత్తెడు ఇటు తిప్పినా అటు తిప్పినా ముల్లు ఒక్కతాన్నే ఉండాది మామా!"

వారం రోజులు ఇలా కీచులాడుకున్నాం. చివరికి ఆయన విసిగి, దిక్సూచి తీసి స్తంభం పక్కన నిలబడి, కర్నూలు ఇటే ఉంటుందని లెక్క కట్టి అక్కడ బిగించేశాడు.

మరునాడు పొద్దున ఆ అరుగు కడిగి ముగ్గు పెడుతుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. స్తంభం మొదట్లో ఒక ఇనప పుల్ల సూచిక లాగా బయటికి పొడుచుకుని ఉండేది, స్తంభం తిరిగితే అదీ తిరిగేది. దాని చుట్టూ పెద్ద సున్న చుట్టి, బెత్తెడు బెత్తెడు దూరాన సున్నంతో గీతలు పెట్టాను. కర్నూలు కూత పంపిస్తుంటే ఆయన్ని ఒక్కో గీత దగ్గర ఆగమని, లోపలికి పరుగెత్తి ముల్లు చూసి, బయటికి వచ్చి ఆ గీత మీద, ముల్లు ఎంత చూపిస్తే అంత దూరాన ముగ్గుతో ఒక చుక్క పెట్టాను. చుట్టూ తిరిగేసరికి పొద్దెక్కింది. చుక్కలు కలిపితే ముందుకు సాగిన ఒక పెద్ద ఆకు వచ్చింది, పక్కలకు రెండు చిన్న రేకులు, వెనక ఒకటి. ఆకుకూ రేకులకూ నడుమ లోతుగా గుంటలు, ఆ గుంటల్లో ముల్లు అసలు లేవదు. ఆ ఆకు కొన చూస్తే మొద్దుగా, గుండ్రంగా ఉంది. అందుకే ఆయనకు కొన దొరకలేదు. కానీ ఆకు రెండు పక్కలూ నిటారుగా దిగిపోయాయి, అక్కడ వేలెడు జరిగినా ముల్లు టక్కున పడిపోతుంది. చీర మడిచేటప్పుడు మధ్య ఎక్కడుందని ఎవరూ వెతకరు కదా, రెండు కొసలూ కలిపితే మధ్య దానంతట అదే వస్తుంది. ముల్లు సగానికి పడే చోటు ఇటుపక్క ఒకటి, అటుపక్క ఒకటి గుర్తు పెట్టి, నడిమధ్యన సూచికను నిలిపాం. అక్కడి నుంచి కొలిస్తే ఇటు జానెడు, అటు జానెడు. అదీ మా ఏరియల్ వెడల్పు.

దిక్సూచి చూసి ఆయన బిగించిన చోటు దానికి జానెడున్నర అవతల ఉంది. ఇనప స్తంభం పక్కన నిలబడి దిక్సూచి చూస్తే అది కర్నూలును చూపిస్తుందా, స్తంభాన్ని చూపిస్తుందా! అంత చదువుకున్న మనిషి చేసిన తప్పు అది. ఆ రోజు పన్నెండింటికి కర్నూలు గొంతు పక్కగదిలోంచి పిలిచినట్టు వినబడింది. ఆయన నా వైపు చూసి, టీచరమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ముగ్గు కంట్లో పడిందని చెప్పాను.

ఆ సంతోషం ఎన్నాళ్లు? కర్నూలు పెద్దాఫీసరు మా స్టేషను పనితనం మెచ్చుకుని, ఇంత బాగా నడిచే చోట చేతులు మార్చడం దేనికని రెండో ఆపరేటరును ఇంకెక్కడికో వేశాడు. ఆ కబురు ఆయన నాకు చెప్పినప్పుడు నేను రొట్టె చేస్తున్నాను, రొట్టె పెనం మీదే మాడిపోయింది. గుట్ట దిగే దారిని నా ముగ్గుతో నేనే మూసుకున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలం పప్పు కట్టిన పేపరు ముక్కలో ఒక ప్రకటన చూశాను. ఎనిమిదో తరగతి పాసయిన ఆడవాళ్లకు కర్నూల్లో టీచరు ట్రైనింగు, ఉండటానికి హాస్టలు, పెళ్లయినవాళ్లు కూడా రావచ్చు. ఆ ముక్కను ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర చిరిగిపోయింది. దరఖాస్తు రాసి సాయిబు తాత చేత పోస్టు చేయించాను, తర్వాతే ఆయనకు చెప్పాను. జూన్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది, తేదీ కార్డు మీద వస్తుంది. ఆయన ఆ చిరుగుల కాగితం చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఈడ సెట్టు ముందర ఎవరు కూచుంటారే? నిన్ను ఒంటిగా యాడికని పంపేది?"

అంతే. నేను రెండు రోజులు అన్నం తినలేదు, ఆయన తినమని అనలేదు. సాయంత్రం నాలుగు గంటల కబుర్లు అయిపోయాక ఎప్పటిలాగే కర్నూలు ఆపరేటరుతో ఇంగ్లీషులో కాసేపు మాట్లాడేవాడు. ఆ మాటల్లో నాకు తెలిసినవి రోజూ వినే నాలుగు ముక్కలే, విండ్, రెయిన్, ఓవర్ లాంటివి. తడిక ఇవతల కూర్చుని వింటూ, ఈ మనిషికి నా గోడు పట్టలేదు గానీ ఊళ్లో గాలీ వానా కావాలి అని పళ్లు కొరుక్కునేదాన్ని.

జూన్ వచ్చింది. కార్డు రాలేదు. "ఏం రాల్యా బిడ్డా, వస్తాదిలే," అని సాయిబు తాత గాడిద వీపు మీది నుంచి డబ్బాలు దించేవాడు. మన సీమ జూన్ గాలి తెలుసు కదా, వాన రాదు, గాలి మాత్రం రాళ్లను కూడా కదిలిస్తుంది. అరుగు మీది సున్నపు గీతలను ఎర్రదుమ్ము కప్పేసింది; వారం వారం కడిగేదాన్ని నేనే, ఆ వారం కడగలేదు. అప్పుడు నాకు ఆ జీపు గుర్తొచ్చింది. సెట్టు రెండు రోజులు మూగబోతే జీపు వస్తుంది. జీపు వస్తే కర్నూలు పోతాం. కర్నూల్లో ఉంటే ఇంటర్వ్యూ ఏ రోజైనా నడిచి పోగలను. ఎవరికీ నష్టం లేదు, కర్నూలు పలక్కపోతే సర్కారు కబుర్లను తంతి మీద కడపకు కొట్టి అక్కణ్ణుంచి మాకు ఇచ్చేవాళ్లు, అది ముందే ఉన్న ఏర్పాటు.

ఒక మంగళవారం తెల్లవారుతుండగా ఆయన చెంబు పట్టుకుని గుట్ట వెనక్కి వెళ్లినప్పుడు నేను పానా తీసుకుని కర్నూలు స్తంభం దగ్గరికి వెళ్లాను. నట్లు రెండూ వదులు చేసి, సూచికను ఆకు మధ్య నుంచి తిప్పి, అంచు దాటించి, గుంటలో పెట్టాను. గుంట ఎక్కడో నాకు గీతలు కనబడక్కర్లేదు, వేసిన చెయ్యి నాది. గాలికి మళ్లీ తిరిగి వెనక్కి వస్తుందేమోనని, ఉన్న బలమంతా పెట్టి నట్లు బిగించాను. పానా తుడిచి దాని చోట పెట్టి, పొయ్యి అంటించాను.

ఏడింటికి కర్నూలు లేదు. ఆయన పిలిచాడు, పిలిచాడు, కడప వాళ్లకు చెప్పి మళ్లీ పిలిచాడు. పన్నెండింటికీ లేదు, నాలుగింటికీ లేదు. వాల్వులు మార్చాడు, బ్యాటరీల కొసలు గీకి తుడిచాడు, సెట్టు వెనక మూత విప్పి చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. స్తంభం వైపు కన్నెత్తి చూడలేదు. మేమిద్దరం కలిసి నిలిపిన రోజు నుంచి అది ఒక్కసారీ మోసం చేయలేదు, ఆ స్తంభం మీద ఆయనకు నా మీద ఉన్నంత నమ్మకం. తిండి మాని సెట్టుతో కుస్తీ పడుతున్న ఆ వీపును చూస్తే జాలి వేసింది, చెప్పేద్దామని రెండుసార్లు తడిక దాకా వెళ్లాను. వెళ్లి, వెనక్కి వచ్చి, ట్రంకు పెట్టెలో రెండు చీరలూ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టూ సర్దుకున్నాను.

మరునాడు బుధవారం మధ్యాహ్నం, ఇంకేమీ విప్పడానికి మిగలక, ఆయన బయటికి వచ్చి నిలబడ్డాడు. చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని ఏరియల్ వైపు తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పానా తెమ్మన్నాడు. నేను తెచ్చి ఇచ్చాను. ఆయన కూర్చుని అరచేత్తో దుమ్ము తుడిచాడు, సున్నపు గీతలు బయటపడ్డాయి. పానా తగిలించి రెండు చేతులతో లాగితే నట్టు కీచుమని అరిచి వదిలింది, రెండోదీ అంతే. సూచికను దాని చోటికి తెచ్చి, నా వైపు చూడకుండా లోపలికి పోయాడు. అడుగు పెట్టాడో లేదో కర్నూలు గొంతు ఇల్లంతా నిండింది. ఆ గొంతు ఏదో ఆపకుండా చెబుతోంది, ఈయన వింటున్నాడు. చివరికి ఈయన చెప్పిన నాలుగు మాటల్లో నాకు ఒక్కటే అర్థమైంది, విండ్ అన్నాడు. సెట్టు ముందు నుంచి లేచి, వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"కర్నూలాయప్ప నిన్నట్నుంచి పిలుస్తాండాడంట. నీ ఇంటర్వ్యూ ఈ పొద్దు పదిగంటలకంట. ఆయప్పతో సెప్పించి, ఆఫీసరు కాళ్లావేళ్లా పడి మూడు దినాలకు బదులు మనిషిని అడిగింటి. ఆ మనిషి జీపులో కూచోని, మనం సరే అంటే బయల్దేరుదామని నిన్న సాయంత్రం దాకా కాసుకోనుండాడంట."

నేను సర్దిపెట్టుకున్న ట్రంకు పెట్టె వైపు చూశాను.

"నీకు ముందే సెప్పల్యా. కాకపోతే మళ్లా ఏడుస్తావని," అన్నాడు. స్తంభం వైపు చూస్తూ, "గాలికి తిరిగుంటాది. నట్లు నేనే సరిగా బిగిచ్చల్యా," అన్నాడు.

రోజూ సాయంత్రం ఇంగ్లీషులో ఆయన మాట్లాడింది గాలి గురించీ వాన గురించీ కాదు. నా గురించి. సర్కారు పనైతే తంతి మీద కడపకు కొట్టి పంపేవాళ్లు, ఒక ఆపరేటరు భార్య ఇంటర్వ్యూ కబురును తంతి మీద ఎవరు పంపుతారు? అది మా ఏరియల్ ఒక్కదాని గుండానే రావలసిన కబురు. నేను ఇంజను కొట్టం వెనక్కి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. శుక్రవారం సాయిబు తాత కార్డు తెచ్చాడు. "కర్నూలు కాయితం బిడ్డా, మంచిదేనా?" అన్నాడు. మంచిదే తాతా అన్నాను. దాని మీద బుధవారం తేదీ, పది గంటలు అని చక్కటి అక్షరాలతో రాసి ఉంది.

మరుసటి ఏడు దరఖాస్తు పెట్టేనాటికి మా పెద్దవాడు కడుపులో ఉన్నాడు. రాజధాని హైదరాబాదుకు పోయింది, ఆఫీసులన్నీ మూటాముల్లె కట్టుకుని దానెంట పోయాయి, కొన్నాళ్లకు మా గుట్ట స్టేషను కూడా ఎత్తేశారు. కర్నూలు, కడప, మళ్లీ కర్నూలు తిరిగాం. ముగ్గురు పిల్లలు, వాళ్ల చదువులు, అత్తగారైన మా అవ్వ మంచాన పడటం. వీధి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, అంతకు మించి ఏ బళ్లోనూ అడుగుపెట్టలేదు. ఆయన ఎప్పుడైనా ఎవరితోనైనా, మా ఆమె ట్రైనింగుకు పోవలసింది, నా అజాగ్రత్త వల్ల తప్పిపోయింది అని చెప్పుకునేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. గుట్ట దిగాను గానీ దాన్నించి బయటపడలేదు.

ఆయన పోయిన రెండేళ్లకు, ఇంట్లో బోరింగు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ ఒక నట్టు విప్పుతుంటే అది కీచుమంది. నేను బియ్యం ఏరుతున్నాను. చేట ఒళ్లోంచి జారిపోయింది. గాలికి తిరిగిన స్తంభానికి నట్లు వదులుగా ఉండాలి కదా! ఆ రోజు ఆయన రెండు చేతులతో లాగితే గానీ అవి రాలేదు. అన్ని నట్లు విప్పి బిగించిన మనిషికి ఆ సంగతి చేతికి తెలియకుండా ఉంటుందా? తెలిసే గాలి అన్నాడు. కర్నూలుకూ గాలి అన్నాడు, నాకూ గాలి అన్నాడు, నా తప్పును తన అజాగ్రత్త అని చెప్పుకుంటూ అన్నేళ్లు తిరిగాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన నా ముఖం వైపు చూసేవాడని కూడా అప్పుడే గుర్తొచ్చింది. నేను చెబుతానేమోనని చూసేవాడో ఏమో. నేను వంటింట్లోకి పోయేదాన్ని.

ఇప్పుడు మా కొడుకూ కోడలూ ఎంత చిన్నదానికైనా ఎదురెదురుగా నిలబడి, ఎందుకు చేశావ్, నాకెందుకు చెప్పలేదు అని నిలదీసుకుంటారు. గొంతులు లేస్తాయి, తలుపులు ధన్‌మంటాయి, మళ్లీ రాత్రి అన్నాల దగ్గర కూర చాలా బాగుందని చెప్పుకుంటారు. ఒకప్పుడు ఆ గొడవ నాకు మొరటుగా తోచేది, మన కాలంలో ఎంత మర్యాదగా ఉండేవాళ్లం అనుకునేదాన్ని. ఇప్పుడు వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది. ఒకే కప్పు కింద నలభై ఏళ్లు కాపురం చేశాం. నువ్వే తిప్పినావా అని ఆయన అడగలేదు. అవును మామా, నేనే అని నేను చెప్పలేదు.